గాలి ఆడే గూడు: తక్కువ ఖర్చులో ఫుల్ టవర్ క్యాబినెట్ ఎంపిక

ఎండాకాలంలో ఇంట్లో ఎయిర్ కూలరు పెట్టినప్పుడు ఎదురుగా ఉన్న కిటికీ తెరవమని పెద్దలు చెబుతారు. కిటికీలన్నీ మూసిన గదిలో కూలరు ఎంత పెద్దదైనా, ఎంత ఖరీదైనదైనా కొద్దిసేపటికే ఉక్కపోత మొదలవుతుంది. గాలి వచ్చే దారితోపాటు పోయే దారి కూడా ఉన్నప్పుడే చల్లదనం నిలుస్తుంది. అందరికీ తెలిసిన ఈ గృహసూత్రమే కంప్యూటరు పెట్టెకూ వర్తిస్తుంది. కాని ఆ పెట్టెను కొనే వేళ చాలామంది దీనిని మరచి, అద్దాల తళుకునూ, దీపాల రంగులనూ, పెట్టె ఎత్తునూ చూసి డబ్బు చెల్లిస్తున్నారు.

మన ప్రాంతంలో ఈ పెట్టెను వాడుకలో ‘సి.పి.యు.’ అంటారు. నిజానికి సి.పి.యు. అంటే లోపల లెక్కలు చేసే ప్రాసెసరు చిప్పు మాత్రమే. ఆ చిప్పునూ, మదర్‌బోర్డునూ, హార్డ్ డిస్కులనూ, గ్రాఫిక్స్ కార్డునూ, వీటన్నిటికీ విద్యుత్తునందించే ఎస్.ఎం.పి.ఎస్.నూ తనలో ఇముడ్చుకొనే లోహపు గూటిని అంగళ్ళలో క్యాబినెట్ అంటారు. క్యాబినెట్లలో మిక్కిలి ఎత్తైన తరగతి ఫుల్ టవర్. పరిమితమైన డబ్బుతో, లోపలి భాగాలు చల్లగా ఉండేటట్లు, ఇటువంటి క్యాబినెట్‌ను ఎట్లా ఎంచుకోవాలో విద్యార్థి మిత్రులకూ, ప్రయోగశాలకు యంత్రాలు సమకూర్చవలసిన కళాశాల కమిటీ పెద్దలకూ వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వేడి ఎక్కడి నుండి వస్తుంది?

కంప్యూటరు తీసుకొనే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. విద్యుత్ దీపం కొంత వెలుగును బయటికి పంపుతుంది, మోటారు బరువులెత్తుతుంది. కంప్యూటరు చేసే పని మాత్రం లోపలి కోట్లాది ట్రాన్సిస్టర్ల గుండా విద్యుత్తు ప్రవహించడమే గనుక, ఆ శక్తి వేడి రూపంలో తప్ప మరొక రూపంలో బయటికి పోదు. 300 వాట్లు తీసుకొనే కంప్యూటరు గదిలో 300 వాట్ల హీటరుతో సమానం.

ఈ భారం కాలక్రమేణా ఎట్లా పెరిగిందో చూడండి. 1981లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో విద్యుత్ సరఫరా సామర్థ్యం 63.5 వాట్లు. యంత్రమంతా అంతలోనే సర్దుకొనేది. 2022లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-13900కె అనే ఒక్క ప్రాసెసరే గరిష్ఠ వేగంలో 253 వాట్లు తీసుకొంటుంది. అదే సంవత్సరం వెలువడిన ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 4090 గ్రాఫిక్స్ కార్డుకు 450 వాట్లు కావాలి. ఇవి సంపన్నుల యంత్రాలనుకొన్నా, విద్యార్థి అందుకోగల స్థాయిలో 65 వాట్ల రైజెన్ 5 5600 ప్రాసెసరునూ, 170 వాట్ల ఆర్.టి.ఎక్స్. 3060 కార్డునూ కలిపి, మిగిలిన భాగాలనూ లెక్కిస్తే, గట్టిగా పనిచేసే వేళ సుమారు 300 వాట్లు అవుతుంది.

ఈ వేడి సకాలంలో బయటికి పోకపోతే ఏమవుతుంది? యంత్రం వెంటనే కాలిపోదు. నేటి ప్రాసెసర్లలో రక్షణ ఏర్పాటు ఉంది. చిప్పు ఉష్ణోగ్రత నిర్ణీత హద్దును చేరగానే, అది తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి ఈ హద్దు 100 డిగ్రీల సెల్సియస్. రైజెన్ 7000 వరుసలోని చాలా ప్రాసెసర్లకు 95 డిగ్రీలు. అనగా ఎక్కువ ధర పెట్టి కొన్న ప్రాసెసరు, గాలి ఆడని పెట్టెలో తక్కువ ధర ప్రాసెసరు చేసేపాటి పనే చేస్తుంది. తండ్రి కష్టార్జితంలో నుండి కొన్న వేగాన్ని వేడి దోచుకొనిపోతుంది, కొన్నవారికి ఆ సంగతి తెలియనైనా తెలియదు. క్యాబినెట్ ఎంపిక అలంకారానికి సంబంధించిన విషయం కాదని చెప్పడానికి ఇదొక్కటే చాలు.

మరొక సంగతి. ఫ్యాన్లు ఎన్ని ఉన్నా, పెట్టెలోని గాలిని గదిలోని గాలికంటె చల్లబరచలేవు. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు 70 డిగ్రీల దగ్గర పనిచేసే ప్రాసెసరు, మే నెలలో గది 38 డిగ్రీలకు చేరినప్పుడు సుమారు 83 డిగ్రీలకు పోతుంది. హైదరాబాదులోనూ, రాయలసీమలోనూ వేసవిలో బయటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం పరిపాటి. శీతల దేశాల్లో చేసిన పరీక్షల ఫలితాలు చదివేటప్పుడు ఈ తేడాను తప్పక కలుపుకోవాలి. చల్లని దేశంలో చాలిన క్యాబినెట్ మన వేసవికి చాలకపోవచ్చు.

పెద్ద పెట్టె అయితే చల్లగా ఉంటుందా?

ఫుల్ టవర్ కొనేవారిలో చాలామందికి ఒక నమ్మకం ఉంది: పెట్టె పెద్దదైతే లోపల గాలి ఎక్కువ ఉంటుంది గనుక వేడి తక్కువగా ఉంటుందని. ఇది ఎంతవరకు నిజమో చిన్న లెక్కతో పరీక్షించవచ్చు.

ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 1200 జౌళ్ళ శక్తి చాలు. 55 సెంటీమీటర్ల ఎత్తు, 55 సెంటీమీటర్ల పొడవు, 23 సెంటీమీటర్ల వెడల్పు గల ఫుల్ టవర్‌లో సుమారు 70 లీటర్ల చోటు ఉంటుంది. దానిని గాలి చొరకుండా మూసివేసి, లోపల 300 వాట్ల వేడి పుట్టిస్తే, లోహం పీల్చుకొనే వేడిని పక్కన పెట్టి చూస్తే, లోపలి గాలి సెకనుకు మూడున్నర డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. 40 లీటర్ల చిన్న పెట్టెలో అయితే సెకనుకు ఆరు డిగ్రీలు. రెండింటికీ ఉన్న తేడా కొన్ని సెకన్లు మాత్రమే. లోపలి గాలి నిల్వ మనలను రక్షించదు. రక్షించేది గాలి ప్రవాహం.

ఆ ప్రవాహం ఎంత ఉండాలో కూడా ఇదే లెక్క చెబుతుంది. లోపలి గాలి గది గాలికంటె 10 డిగ్రీలకు మించి వేడెక్కరాదనుకొంటే, 300 వాట్లకు సెకనుకు 25 లీటర్ల గాలి మారుతూ ఉండాలి. అంటే సెకనుకొక పెద్ద బిందెడు గాలి. తేడా 5 డిగ్రీలే ఉండాలంటే 50 లీటర్లు కావాలి. ఫ్యాన్ల పెట్టెల మీద గాలి పరిమాణాన్ని నిమిషానికి ఘనపు అడుగులలో, అంటే సి.ఎఫ్.ఎం.లో అచ్చు వేస్తారు. 25 లీటర్లంటే సుమారు 53 సి.ఎఫ్.ఎం. అయితే ఆ అచ్చు అంకె ఫ్యానును ఆరుబయట తిప్పినప్పటిది. జాలీ, ఫిల్టరు, తీగల చిక్కులు అడ్డు వచ్చినప్పుడు అసలు ప్రవాహం చాలా తగ్గిపోతుంది. కనుక లెక్కకు వచ్చినదానికి రెట్టింపు సామర్థ్యం ఉండేటట్లు చూసుకోవడం వివేకం.

మరి వేడిగాలి తనంతట తానే పైకి పోదా అని అడగవచ్చు. పాత హైదరాబాదు ఇళ్ళలో ఎత్తైన గోడల పైభాగాన రోషన్‌దాన్లు ఉండేవి. వేడిగాలి వాటి గుండా బయటికి పోయి, కింది నుండి చల్లని గాలి వచ్చేది. అక్కడ గోడల ఎత్తు మీటర్లలో ఉంటుంది, సమయమూ పుష్కలంగా ఉంటుంది. అర మీటరుకు కాస్త మించిన క్యాబినెట్‌లో, 10 డిగ్రీల తేడాతో, ఈ పొగగొట్టపు ప్రభావం కలిగించే ఒత్తిడి సుమారు 0.2 పాస్కళ్ళు. సాధారణమైన 120 మిల్లీమీటర్ల ఫ్యాను కలిగించగల గరిష్ఠ ఒత్తిడి 10 నుండి 20 పాస్కళ్ళ వరకు ఉంటుంది. అంటే ఫ్యాను బలం యాభై రెట్లు, అంతకు మించి. అందువల్ల ‘టవర్ ఎత్తు ఎక్కువ, వేడి దానంతట అదే పైకి పోతుంది’ అనే మాటకు విలువ ఇవ్వనవసరం లేదు. గాలిని ఫ్యాన్లు ఏ దారిన నడిపితే ఆ దారినే నడుస్తుంది.

ఫుల్ టవర్ ఎవరికి అవసరం?

అట్లాగని ఫుల్ టవర్ వ్యర్థమని కాదు. దాని ప్రయోజనాలు వేరు. పెద్ద ఫ్యాన్లు ఎక్కువ సంఖ్యలో బిగించవచ్చు. పొడవైన గ్రాఫిక్స్ కార్డు, ఎత్తైన కూలరు, అనేక హార్డ్ డిస్కులు ఇమడ్చవచ్చు. తీగలను మదర్‌బోర్డు వెనుకగా మళ్ళించి గాలి దారిని ఖాళీగా ఉంచవచ్చు. చేతులు పెట్టి పనిచేయడానికి చోటు ఉంటుంది గనుక, యంత్రాన్ని విప్పి బిగించడం నేర్చుకొనే విద్యార్థికి అది మంచి బోధనోపకరణం.

వీడియో కూర్పు, త్రిమితీయ చిత్రాల రూపకల్పన, కృత్రిమ మేధకు సంబంధించిన ప్రయోగాలు, అనేక డిస్కులతో దత్తాంశాలు భద్రపరచే సర్వరు – ఇటువంటి పనులకు ఫుల్ టవర్ సార్థకం. కాని ఉర్దూ నస్తాలీఖ్ లిపిలో ఇన్‌పేజ్‌తో పుటలు కూర్చడానికీ, తెలుగులో డి.టి.పి. చేయడానికీ, లెక్కల పట్టికలు తయారు చేయడానికీ, ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవడానికీ అది అనవసరం. ఇన్‌పేజ్ 1994లో, నేటితో పోలిస్తే అల్పశక్తి గల యంత్రాల కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్. మా పత్రిక వంటి ద్విభాషా సంచికను కూర్చే యంత్రం వంద వాట్లయినా తీసుకోదు. దానికి చిన్న క్యాబినెట్, ఒక మంచి ఫ్యాను చాలు. తక్కువ ఖర్చు అనే సూత్రానికి మొదటి మెట్టు, అవసరం లేనిదాన్ని కొనకపోవడమే.

మొదట చూడవలసినది ముందు ముఖం

అవసరం ఉందని తేలిన తరువాత, అంగడిలో మొదట చూడవలసినది క్యాబినెట్ ముందుభాగం. గాలి లోపలికి ప్రవేశించేది ప్రధానంగా అక్కడి నుండే. ముందుభాగమంతా అద్దంతోనో, మూసిన ప్లాస్టిక్ పలకతోనో ఉంటే, దాని వెనుక మూడు ఫ్యాన్లున్నా అవి పక్కనున్న సన్నని సందుల గుండానే గాలి పీల్చవలసి వస్తుంది. ముక్కు మూసి పరుగెత్తమన్నట్లు ఉంటుంది. సన్నని రంధ్రాలు దట్టంగా ఉన్న లోహపు జాలీ ముందుభాగమే మంచిది.

దీనికొక సులభమైన పరీక్ష ఉంది. ముందు పలకకు దగ్గరగా కన్నుపెట్టి చూడండి. వెనుకనున్న ఫ్యాను రెక్కలు జాలీ గుండా స్పష్టంగా కనిపిస్తే గాలికి దారి ఉన్నట్లు. ఏమీ కనిపించకపోతే గాలికీ దారి లేనట్లే. కొన్ని క్యాబినెట్లలో పైకి జాలీ కనిపించినా, దాని వెనుక మందమైన స్పాంజి గాని, రంధ్రాలు లేని ప్లాస్టిక్ గాని ఉంటుంది. పలకను ఊడదీసి చూపమని దుకాణదారుని అడగడానికి మొహమాటపడరాదు.

విశాలమైన గాలి దారి, మెల్లగా తిరిగే పెద్ద ఫ్యాన్లు అనే ఆలోచన కొత్తదేమీ కాదు. 2008లో కూలర్ మాస్టర్ సంస్థ తెచ్చిన హాఫ్ 932 అనే ఫుల్ టవర్‌లో 230 మిల్లీమీటర్ల ఫ్యాన్లు మూడు, వెనుక 140 మిల్లీమీటర్లది ఒకటి ఉండేవి. దాని పేరులోని ‘హాఫ్’ అనే మూడక్షరాల ఆంగ్ల సంక్షేపానికి అర్థమే ‘అధిక వాయుప్రవాహం’. 2014లో ఫాంటెక్స్ సంస్థ ఎంథూ ప్రో అనే ఫుల్ టవర్‌ను సుమారు నూరు డాలర్లకు విడుదల చేసింది. ముందు 200 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి, వెనుక 140 మిల్లీమీటర్లది ఒకటి దానితోపాటే వచ్చేవి. ఫుల్ టవర్ అంటే ధనికుల వస్తువే కానక్కర లేదని అది నిరూపించింది. ఈ నమూనాలనే వెతికి కొనమని చెప్పడం లేదు. మంచి క్యాబినెట్ లక్షణాలు ఎట్లా ఉంటాయో గుర్తించడానికి ఇవి ఉదాహరణలు.

ఫ్యాన్ల విషయం

సాధారణ వినియోగానికి ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి తోసేవి, వెనుక పైభాగాన ఒకటి బయటికి తోసేది ఉంటే చాలు. మూడు దాటిన తరువాత చేర్చే ఒక్కొక్క ఫ్యాను వల్ల కలిగే లాభం క్రమంగా తగ్గిపోతుంది. ఆరు రంగుల ఫ్యాన్లకంటె మూడు మంచి ఫ్యాన్లు మేలు.

పైకప్పులో ముందువైపున ఫ్యాను బిగించి గాలిని బయటికి తోయించడం కొందరి అలవాటు. ముందు నుండి వచ్చిన చల్లని గాలి ప్రాసెసరును చేరకముందే ఆ ఫ్యాను దానిని లాగివేస్తుంది. పైన బిగించదలచుకొంటే వెనుకవైపునే బిగించాలి.

ఫ్యాను పరిమాణం, వేగాలకు సంబంధించి భౌతికశాస్త్రం చెప్పే నియమాలు గుర్తుంచుకోదగినవి. ఒకే ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, ఒత్తిడి నాలుగో వంతుకు, తీసుకొనే విద్యుత్తు ఎనిమిదో వంతుకు దిగుతుంది. శబ్దం సుమారు 15 డెసిబెళ్ళు తగ్గుతుంది. కనుక చిన్న ఫ్యానును వేగంగా తిప్పడంకంటె పెద్ద ఫ్యానును నెమ్మదిగా తిప్పడం నయం. 140 మిల్లీమీటర్ల ఫ్యాను వైశాల్యం 120 మిల్లీమీటర్ల దానికంటె మూడో వంతుకు పైగా ఎక్కువ. 200 మిల్లీమీటర్ల ఫ్యాను ఇంకా ఎక్కువ గాలిని ఇస్తుంది గాని, దాని ఒత్తిడి తక్కువ. దట్టమైన ఫిల్టరు అడ్డం ఉంటే అది నీరసిస్తుంది. పైగా అది చెడిపోతే అదే కొలతది దొరకడం కష్టం. 120 మిల్లీమీటర్లది ఏ ఊరిలోనైనా దొరుకుతుంది.

నాలుగు పిన్నుల ఫ్యాన్లయితే మదర్‌బోర్డు ఉష్ణోగ్రతను బట్టి వాటి వేగాన్ని తానే సర్దుతుంది. చౌక క్యాబినెట్లతో వచ్చే దీపాల ఫ్యాన్లలో కొన్ని నేరుగా ఎస్.ఎం.పి.ఎస్.కే కలిసి, ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. వాటి వేగాన్ని కొలవడానికీ, మార్చడానికీ వీలుండదు. బేరింగు రకం కూడా అడిగి తెలుసుకోవాలి. సాదా స్లీవ్ బేరింగు మన వేడికి త్వరగా అరిగి, గరగర శబ్దం మొదలుపెడుతుంది. ఫ్లూయిడ్ బేరింగు గాని, బాల్ బేరింగు గాని ఎక్కువ కాలం మన్నుతుంది.

దుమ్ము అనే శత్రువు

మన పట్టణాల్లో వేడికి తోడు దుమ్ము కూడా ఉంది. బయటికి తోసే గాలి ఎక్కువై, లోపలికి వచ్చే గాలి తక్కువైతే, క్యాబినెట్ తన ప్రతి సందు గుండానూ, ఫిల్టరు లేని ప్రతి రంధ్రం గుండానూ గాలిని పీల్చుకొంటుంది. ఆ గాలితో దుమ్ము కూడా వస్తుంది. లోపలికి తోసే గాలి కాస్త ఎక్కువగా ఉంటే, సందుల గుండా గాలి బయటికే పోతుంది. దుమ్ము ఫిల్టరు దగ్గరే ఆగుతుంది. ముందు రెండు, వెనుక ఒకటి అనే ఏర్పాటులో ఈ మేలు కూడా ఉంది.

ఫిల్టరు ఊడదీసి కడగడానికి వీలుగా ఉండాలి. స్క్రూలు విప్పి, పెట్టెనంతా విప్పితే తప్ప అందని ఫిల్టరును ఎవరూ శుభ్రం చేయరు. దుమ్ము పట్టిన ఫిల్టరు మూసిన కిటికీతో సమానం. వేసవిలో నెలకొకసారి దానిని కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే బిగించాలి. బ్లోయరుతో లోపల దుమ్ము దులిపేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టి ఉంచాలి. లేకపోతే అవి మితిమీరిన వేగంతో తిరిగి బేరింగు చెడుతుంది. వెనుక భాగాన వాడని కార్డుల గాళ్ళకు పలకలు బిగించి ఉంచాలి. బల్లులూ, చిట్టెలుకలూ దూరేది ఆ దారినే.

కొలతలు, రేకు, పాత క్యాబినెట్లు

‘ఫుల్ టవర్’ అనే పేరు కంపెనీలు తమ ఇష్టానుసారం వాడుతున్నాయి. ఒకరి మిడ్ టవర్ మరొకరి ఫుల్ టవర్‌కంటె పెద్దదిగా ఉండవచ్చు. కనుక పేరును కాక కొలతలను చూడాలి. ఎ.టి.ఎక్స్. మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల ఎత్తు, 244 మిల్లీమీటర్ల వెడల్పు. ఇ-ఎ.టి.ఎక్స్. వెడల్పు 330 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నాక్టువా ఎన్.హెచ్.-డి15 వంటి పెద్ద కూలరు ఎత్తు 165 మిల్లీమీటర్లు. ఆర్.టి.ఎక్స్. 4090 కార్డు ఎన్విడియా సొంత రూపంలో 304 మిల్లీమీటర్ల పొడవు. మీరు కొనదలచిన భాగాల కొలతలు ఒక కాగితం మీద రాసుకొని, క్యాబినెట్ ఇచ్చే చోటుతో సరిచూసుకోవాలి. ముందు ఫ్యాన్లు బిగించిన తరువాత కార్డుకు మిగిలే పొడవు ఎంతో అడగడం మరువరాదు. ఫ్యాను మందం 25 మిల్లీమీటర్లు అందులో నుండే పోతుంది.

ఉక్కు రేకు మరీ పలుచనిదైతే పెట్టె వంగుతుంది, ఫ్యాన్ల కంపనానికి మోగుతుంది. పక్క పలకను బొటనవేలితో నొక్కి చూస్తే దాని బలం తెలుస్తుంది. రేకు అంచులు మడిచి ఉన్నాయో లేదో వేలితో జాగ్రత్తగా తడిమి చూడాలి. మడవని అంచు చేతిని కోస్తుంది.

తక్కువ ఖర్చు కోరేవారికి ఒక శుభవార్త కూడా ఉంది. నేడు మనం వాడుతున్న ఎ.టి.ఎక్స్. ప్రమాణం 1995లో ఇంటెల్ రూపొందించినది. 2004 ప్రాంతంలో అదే సంస్థ, ముఖ్యంగా వేడి సమస్య కోసం, బి.టి.ఎక్స్. అనే కొత్త అమరికను తెచ్చింది గాని, అది నిలువలేదు. ప్రాసెసర్లు తరాలు మారినా, మదర్‌బోర్డును బిగించే స్క్రూ రంధ్రాల స్థానాలు మారలేదు. కాబట్టి మంచి క్యాబినెట్ ఒకసారి కొంటే రెండు మూడు కంప్యూటర్ల జీవితకాలం పనికి వస్తుంది. పాత ఫుల్ టవర్ ఎవరైనా తీసివేస్తుంటే, దానిని తక్కువ ధరకు తీసుకొని కొత్త ఫ్యాన్లు బిగించడం అన్నిటికంటె చౌకైన మార్గం. దాని ముందుభాగం మూసి ఉంటే, లోపలి భాగాలన్నీ తీసివేసి, ఖాళీ పెట్టెను లేత్ దుకాణానికి తీసుకొనిపోయి, రంధ్రం కోయించి, జాలీ బిగించుకోవచ్చు. ఇనుప రజను ఒక్క రవ్వ మదర్‌బోర్డు మీద పడినా షార్టు కాగలదు గనుక, ఖాళీ పెట్టె అన్న మాట మరువరాదు.

కొన్న తరువాత చేయవలసిన పరీక్ష

క్యాబినెట్‌ను తివాచీ మీద గాని, పరుపు మీద గాని పెట్టరాదు. నేటి క్యాబినెట్లలో ఎస్.ఎం.పి.ఎస్. అడుగున ఉండి, కింది నుండే గాలి పీలుస్తుంది. నాలుగు అంగుళాల ఎత్తు బల్ల మీద పెడితే గాలికీ మంచిది, నేల దుమ్ముకూ దూరం. గోడకు వెనుక భాగం ఆనించరాదు. ఎయిర్ కూలరు తుంపర నేరుగా తగిలే చోట అసలే పెట్టరాదు.

గాలి దిశ తెలుసుకోవడానికి గాలిపటపు కాగితం చిన్న ముక్క చాలు. ముందు జాలీకి ఆనిస్తే అది అంటుకొని నిలవాలి. వెనుక ఫ్యాను దగ్గర పెడితే బయటికి రెపరెపలాడాలి. దీనికి విరుద్ధంగా జరిగితే ఫ్యాను తిరగబడి బిగించినట్లు.

తరువాత అసలు పరీక్ష. గది ఉష్ణోగ్రతను థర్మామీటరుతో చూసి రాసుకోండి. యంత్రానికి అరగంట బరువైన పని అప్పగించి, ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డుల ఉష్ణోగ్రతలు రాసుకోండి. ఇప్పుడు క్యాబినెట్ పక్క పలకను తీసివేసి, మళ్ళీ అరగంట అదే పని చేయించండి. ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే క్యాబినెట్ తన విధిని చక్కగా నిర్వర్తిస్తున్నట్లు. నాలుగైదు డిగ్రీలకు మించి తగ్గితే, ఆ పెట్టెలో గాలి ఆడడం లేదని అర్థం. పలక తీసి వాడుకోవడం పరిష్కారం కాదు, దుమ్ముకు తలుపు తెరిచినట్లవుతుంది. ముందు పలకనూ, ఫ్యాన్లనూ సరిచేసుకోవాలి.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం

కళాశాలల కొనుగోళ్ళలో కొటేషన్లు పిలిచి, తక్కువ ధరకు ఇచ్చినవారికి ఆర్డరు ఇవ్వడం ఆనవాయితీ. అది న్యాయమే. అయితే పిలిచే కాగితంలో ‘క్యాబినెట్ – ఒకటి’ అని మాత్రమే రాస్తే, ఎంత పలుచని రేకు పెట్టెనైనా అంగీకరించక తప్పదు. దాని బదులు నాలుగు మాటలు చేర్చాలి: ముందుభాగం లోహపు జాలీగా ఉండాలి, ముందు రెండు, వెనుక ఒకటి నాలుగు పిన్నుల ఫ్యాన్లుండాలి, ఫిల్టర్లు పనిముట్లు లేకుండా ఊడివచ్చేవిగా ఉండాలి, పక్క పలక తీసినప్పటికీ మూసినప్పటికీ ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీలకు మించరాదు. ఈ చివరి షరతును సరఫరాదారుని సమక్షంలోనే, మన విద్యార్థుల చేతనే పరీక్షింపజేయవచ్చు. అద్దాలూ, రంగు దీపాలూ అక్కరలేదని కూడా స్పష్టంగా రాస్తే ధర మరికొంత తగ్గుతుంది.

ఇంకొక మాట. ప్రయోగశాల గది కూడా ఒక పెట్టెయే. ఒక్కొక్కటి 100 వాట్ల చొప్పున 30 కంప్యూటర్లు పనిచేస్తే, ఆ గదిలో 3000 వాట్ల వేడి పుడుతుంది. ఒక టన్ను ఎయిర్ కండిషనరు తొలగించగల వేడి సుమారు 3500 వాట్లు. అంటే కంప్యూటర్ల వేడికే దాదాపు ఒక టన్ను సరిపోతుంది, మనుషుల వేడీ, ఎండ వేడీ వేరు. ఎయిర్ కండిషనరుకు స్తోమత లేనిచోట, ఒక గోడకు పైన ఎగ్జాస్టు ఫ్యాన్లు బిగించి, ఎదుటి గోడ కిటికీలు తెరిచి ఉంచడం కనీస ధర్మం. గది గాలి మారకపోతే ఎంత మంచి క్యాబినెట్ అయినా వేడిగాలినే లోపలికి తోస్తుంది.

క్యాబినెట్ కొనేటప్పుడు వరుసగా అడగవలసిన ప్రశ్నలు ఇవి: నాకు ఇంత పెద్దది కావాలా? గాలి ఏ దారిన వస్తుంది? ఏ దారిన పోతుంది? దుమ్ము ఎక్కడ ఆగుతుంది? నా భాగాలు ఇందులో పడతాయా? వీటికి సరియైన జవాబు దొరికిన తరువాత కూడా డబ్బు మిగిలితే, అప్పుడు అందాన్ని గూర్చి ఆలోచించవచ్చు. సికింద్రాబాదు పార్కులేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల అనేక రకాల క్యాబినెట్లను పక్కపక్కనే చూసి పోల్చుకొనే వీలుంది. అక్కడికి వెళ్ళే విద్యార్థి మిత్రులు ధర అడగడానికి ముందు ముందు పలకను ఊడదీసి చూపమని అడిగితే, ఈ వ్యాసం ప్రయోజనం నెరవేరినట్లే.